తలుపు మీది అంకెలు

అభా,
12 అక్టోబరు 2024.

బావకు ప్రభాకర్ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. పోయిన శుక్రవారం నీతో ఫోనులో మాట్లాడబోయి ఇల్లంతా లేపాను. నా అరుపులు మా యజమాని బాబాకు వినిపించాయి, ఆయన తల్లికి వినిపించాయి, పక్కింటి సూడాను కావలివాడికి కూడా వినిపించాయి. నీకొక్కడికే వినిపించలేదు. ఈ అరబ్బు దేశంలో పదేళ్లు గ్యారేజీ డెంటింగు సుత్తుల మధ్య బతికినవాడికి చెవులు ఎట్లా మిగులుతాయిలే! మనిద్దరివీ తెలుగు మెసేజీలు రాని బొత్తాల ఫోన్లు, అందుకే కాగితం పట్టాను. ఖర్జూరాల లారీ తోలే కడప మహబూబ్ భాయి పది రోజులకోసారి హుఫూఫ్ నుంచి ఇక్కడికి సరుకు తెస్తాడు కదా, మన ఉత్తరాలు మోస్తానన్నాడు. "ఇంగ నా లారీ టపా బండి అయిపాయ" అని నవ్వాడు.

అసలు సంగతికొస్తాను. నేను పనిచేసే ఇంటి యజమాని, మా బాబా, బండి కొన్నాడు. పదిహేనేళ్ల పాతది, ఏడుగురు పట్టేది, ఆటోమేటిక్ గేరు. ఎక్కడ కొన్నాడనుకున్నావు? మీ హుఫూఫ్ హరాజులో, పాత బండ్ల వేలంలో. నేనూ వెంట వచ్చాను. అక్కడ ఒక్క పూటే ఉన్నాం, నిన్ను కలవలేదని కోపం తెచ్చుకోకు. బాబా మొదట వెనకాముందు ఆడాడు. నేను డ్రైవరు తలుపు తెరిచి చూస్తే అంచు మీద స్టిక్కరు ఉంది. గేరు ఆయిల్ మార్చింది 1,84,700 దగ్గర, మళ్లీ మార్చాల్సింది 2,44,700 దగ్గర అని. ఆ ఏడును చూడగానే ప్రాణం లేచొచ్చింది. నడుముకు అడ్డగీత, అంకెల కింద రెండు గీతలు. మీ ఇంట్లో అందరూ అట్లాగే రాస్తారు, నీ చెల్లెలు ఉమ కూడా అంతే. "ఇది నా భార్య అన్న చేతిరాత. ఆయన మార్చానని రాస్తే మార్చినట్టే" అని బాబాకు చెప్పాను. ఆ మాట మీదే బండి కొన్నాడు.

ఇప్పుడు మీటరు రెండు లక్షలు దాటింది. డీ గేరులో వేస్తే బండి ఒక క్షణం ఆలోచించి కదులుతోంది. ముసలివాళ్లు మంచం దిగడానికి టైము పట్టదా, అదే అనుకున్నాను. అయినా అడుగుతున్నాను: ఇట్లాంటి పాత బండికి గేరు ఆయిల్ ఎన్నాళ్లకోసారి మార్చాలి? చలి మొదలైతే ప్రతి గురువారం ఇంటిల్లిపాదినీ అకబా ఘాటు మీదుగా కొండ కింది తిహామాకు దించాలి. కింద వాళ్లకో చిన్న ఇల్లుంది, అక్కడ వెచ్చగా ఉంటుంది. ఈ కొండ చలికి బాబా తల్లికి, ముసలమ్మకు, మోకాళ్లు పట్టేస్తాయి.

మార్చిలో నాకు సెలవు. మూడేళ్ల తర్వాత మొదటిసారి. కోరుట్లలో ఉమ కుట్టుమిషన్ల షాపు తెరుస్తోంది కదా, రిబ్బను నేనే కత్తిరించాలట.

నీ
ప్రభాకర్


హుఫూఫ్,
23 అక్టోబరు 2024.

ప్రభాకర్‌కు,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. చెవుల సంగతి వదిలెయ్, ఇక్కడ వినదగ్గ మాటలు కూడా పెద్దగా ఏమీ లేవు.

నువ్వు అడిగినదానికి చెప్తాను. కంపెనీ పుస్తకంలో లక్ష కిలోమీటర్లని ఉంటుంది. కొన్ని బండ్లకైతే అసలు మార్చనక్కర్లేదనే రాస్తారు. ఆ పుస్తకం రాసినవాడు చల్లని ఊళ్లో కూర్చుని రాశాడు. ఇక్కడి ఎండకు, ఇసుకకు, మీ ఘాటు రోడ్డుకు నలభై వేలకోసారి మార్చాలి. లేదా రెండేళ్లకోసారి. ఏది ముందొస్తే అది. బండి పాతబడేకొద్దీ గడువు తగ్గాలే గానీ పెరగకూడదు.

పాత బండి కొన్నాక ఎవరు ఏం రాసినా నమ్మకూడదు. నీ కళ్లతో చూడు. ఇంజను వేడెక్కాక చదునైన చోట ఆపి, ఇంజను నడుస్తుండగానే గేరు ఆయిల్ కొలిచే డిప్ స్టిక్కు తీసి తెల్ల కాగితానికి తుడువు. మంచి ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. ఆ కాగితం మడిచి నాకు పంపు. వాసన ఎట్లా ఉందో కూడా రాయి.

ఇంకొకటి. మిషను పెట్టి పాత ఆయిలంతా ఒక్క దెబ్బకు కడిగేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఏళ్ల తరబడి మార్చని గేరుబాక్సులో క్లచ్చి ప్లేట్లు అరిగిన పొడి ఆయిల్లోనే తిరుగుతుంటుంది. ఆ పొడి పట్టు మీదే ప్లేట్లు బండిని లాగుతుంటాయి. ఒక్కసారిగా కడిగితే జారిపోతాయి. కొంత వదిలి కొంత పొయ్యాలి, అట్లా మూడు విడతలు.

అప్పటిదాకా ఘాటు దిగకు. ఉమను అడిగానని చెప్పు.

మొండయ్య


అభా,
8 నవంబరు 2024.

బావకు నమస్కారాలు.

నువ్వడిగిన కాగితం ఇందులోనే పెట్టాను. దానిమ్మ రసమన్నావు, ఇది మాడిన చింతపండు పులుసు. వాసన చూస్తే అడుగంటిన గిన్నె గుర్తొచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే సన్నగా గరగర తగిలింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను బావా. గేరు ఆయిల్ పాఠమంతా చెప్పావు, సంతోషం. కానీ నేను స్టిక్కరు గురించి అంత రాస్తే దాని ఊసే లేదు. తేలు కుట్టిన దొంగలాగా అంత మౌనం ఎందుకు? పైగా "ఏళ్ల తరబడి మార్చని గేరుబాక్సు" అంటావు. నువ్వు మార్చి పదహారు వేల కిలోమీటర్లే అయింది కదా. పదహారు వేలకే ఆయిల్ ఇట్లా మాడుతుందా? నాకు తెలియక అడుగుతున్నాను.

బాబాకు చెప్పి చూశాను. ఆయన తలుపు తెరిచి స్టిక్కరు మీద వేలు పెట్టి, "నీ బావే కదా రాసింది? ఇంకా నలభై వేలుంది. మాఫీ ముష్కిల్" అన్నాడు. ఏ ఇబ్బందీ లేదు, పోనియ్యమని. నా మాటే నాకు అడ్డం తిరిగింది.

రెండు గురువారాలు ఘాటు దిగి ఎక్కాం. ఎక్కేటప్పుడు ఇంజను గొంతు పెంచుతుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. దిగేటప్పుడు చిన్న గేరులో పెడితే పట్టినట్టే పట్టి వదిలేస్తుంది. మొన్న పొగమంచులో ఒక మలుపు దగ్గర అట్లా వదిలినప్పుడు వెనక సీట్లో ముసలమ్మ జపమాల ఆపేసింది. ఆమెకు నా పేరు పలకడం రాదు, బర్కర్ అంటుంది. "బర్కర్, ఈ బండికి మనసు బాగాలేదు" అంది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. స్టీరింగు మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

నీ
ప్రభాకర్


హుఫూఫ్,
20 నవంబరు 2024.

ప్రభాకర్‌కు,

నీ కవరు విప్పగానే గదంతా వాసన కొట్టింది. నా పక్క మంచం తబ్రేజ్, మన నిజామాబాద్ ఎలక్ట్రీషియన్, ముక్కు మూసుకుని ఏదో అన్నాడు. నాకు వినబడలేదని కాగితం మీద రాశాడు: "ఎవల బండి అన్నా ఇది? సచ్చిన బండి." నేను ఎవరిదో అని ఊరుకున్నాను.

ప్లేట్లు మాడాయి. ఇప్పుడు కొత్త ఆయిల్ పోసినా పోయిన ప్లేట్లు తిరిగి రావు, గేరుబాక్సు దించి విప్పాల్సిందే. ఘాటు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే కాదు, చిన్న గేరు కూడా. గేరు వదిలేస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పది నిమిషాల్లో అవి మాడతాయి. తర్వాత పెడలు మెత్తగా నేలదాకా పోతుంది. అప్పుడు నువ్వు ఎంత మంచి డ్రైవరువైనా లాభం లేదు.

ఇక దిగకు. జ్వరమని పడుకో, నడుము పట్టేసిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

స్టిక్కరు సంగతి అడిగావు. షాపులో రోజూ ఎన్నో రాస్తాను. ఏది ఏ బండిదో గుర్తుండదు. వేలానికి పోయే బండ్లు వచ్చిపోతూ ఉంటాయి. నువ్వు దాన్ని పట్టుకుని కూర్చోకు.

మొండయ్య


అభా,
13 డిసెంబరు 2024.

బావకు,

నీ మాట విని జ్వరమని పడుకున్నాను. ఏం జరిగిందో విను. బాబా తనే తోలుకుపోయాడు. తల్లిని, పెళ్లాన్ని, ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకుని. పొద్దంతా నా గది గడపలో కూర్చుని గేటు వంకే చూశాను. సాయంత్రం వచ్చారు. ముందు చక్రాల నుంచి పొగ. దిగువన రెండుసార్లు ఆగి నీళ్లు చల్లారట. బాబా నన్ను పిలిచి, "నీకు జ్వరం వచ్చిన రోజే బండికీ వచ్చిందే!" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

మర్నాడు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించాడు. గేరుబాక్సు విప్పమంటే వినడు. "నువ్వే తప్పుగా నడుపుతున్నావు. ఆయిల్ మార్చిన బండి ఇట్లా ఎందుకు చేస్తుంది?" అంటాడు. ఆయన అడిగేదాంట్లో తప్పేముంది? మార్చిన బండి ఇట్లా ఎందుకు చేస్తుంది బావా?

ఇప్పుడిక నవ్వులాట లేదు. జనవరి రెండో తారీఖు, గురువారం పొద్దున, పిల్లల సెలవులకు అందరూ పది రోజుల కోసం కిందికి పోతున్నారు. ఏడుగురం, సామానుతో సహా. నేను జ్వరమంటే మళ్లీ ఆయనే తోలుతాడు. నా భయమంతా అదే.

ఒక్క మాట చెప్పు. ఆ ఆయిల్ మార్చావా, మార్చలేదా? మార్చలేదంటే అదే కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే మన ఉదయకిరణ్ సారుకు అరబ్బీ వచ్చు, చదివి బాబాకు చెప్తాడు. స్టిక్కరు నమ్మిన మనిషి ఉత్తరం కూడా నమ్ముతాడు. రాస్తే నీకు ఏం ముంచుకొస్తుందో నాకు తెలియదని కాదు. కానీ ఆ బండిలో బాబా చిన్నకూతురు, ఆరేళ్ల పిల్ల, కూర్చుంటుంది.

పాడిందే పాట పాడకుండా జవాబు రాయి.

ప్రభాకర్


హుఫూఫ్,
29 డిసెంబరు 2024.

ప్రభాకర్‌కు,

మార్చలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి పది రోజుల పైనే పట్టింది. మహబూబ్ భాయి పోయినసారి లారీ ఎక్కేముందు వచ్చి ఉత్తరం ఉందా అని అడిగాడు. ఉంది, జేబులోనే ఉంది. లేదన్నాను. ఆయన వెళ్లాక చించేశాను.

మా షాపు యజమాని, అర్బాబు, హరాజు వాళ్లకు బండ్లు తయారుచేసి ఇస్తాడు. బయట పాలిషు, లోపల సెంటు, తలుపు మీద మీటరుకు కొన్ని వేలు తగ్గించి రాసిన స్టిక్కరు. స్టిక్కరు ఉంటే కొనేవాడు ఇంకేం అడగడు. మొదటిసారి నేను అడిగాను, "అర్బాబ్, ఆయిల్ మార్చకుంట మార్చినమని ఎట్ల రాస్త?" అని. "ఉక్తుబ్!" అన్నాడు. రాయి అని. నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఆయన చేతిలో ఉంది, నా చేతిలో పెన్ను ఉంది. రాశాను. రెండో బండికి అడగలేదు. తర్వాత్తర్వాత ఆయన చెప్పకముందే రాసేవాణ్ని. గేరుబాక్సు కింద బోల్టుకు నా స్పానరు తగలనే లేదు. మీ బండి నాకు బాగా గుర్తుంది. వెనక సీట్లో ఎవరో చిన్నపిల్ల అంటించిన బొమ్మ ఉంది. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే పోల్చుకున్నాను.

పదేళ్లుగా ఇదే పని మీద బతుకుతున్నాను. ఏది ఎప్పుడు మార్చాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చెప్పడమే వచ్చింది నాకు.

తబ్రేజ్ చేత ఫోను చేయించి ఈ మాట నీ చెవిన వేయొచ్చు. రెండుసార్లు అతని మంచం దాకా పోయాను. నా నోటితో అతనికి చెప్పాలి కదా. రేపు షాపులో అందరికీ తెలుస్తుంది, అర్బాబుకూ తెలుస్తుంది. సిగ్గూ భయమూ రెండూ పట్టుకున్నాయి. మళ్లీ కాగితమే పట్టాను.

మహబూబ్ భాయి బుధవారం సాయంత్రానికల్లా నీకు అందిస్తానని ఒట్టు పెట్టాడు. కింద సంతకం చేశాను. ఇది మీ బాబాకు చూపించు. నాకు ఏమైనా కానీ. ఆ బండిని కదలనియ్యకు.

అల్లెపు మొండయ్య


అభా, ఆసుపత్రి,
19 జనవరి 2025.

బావకు,

నీ ఉత్తరం బుధవారం సాయంత్రమే అందింది. మహబూబ్ భాయి మాట తప్పలేదు.

నేను ఎవరికీ చూపించలేదు. రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. నాకు వీసా తెప్పించి ఈ దేశం పంపింది నువ్వు. ఉమకు తండ్రి తర్వాత తండ్రివి నువ్వు. నిన్ను లోపల వేయించి ఆమెకు ఏ మొహం చూపించాలి? బాబా దగ్గరికి పోయి గేరు బాగాలేదు, ప్రయాణం ఆపమని మాత్రం బతిమాలాను. "హరాజులో నువ్వే కదా హామీ పడ్డావు? భయమైతే చెప్పు, నేను తోలుతాను" అన్నాడు. బండిని చెడగొట్టి ఇంట్లోనే పడుకోబెడదామనీ అనుకున్నాను. గేటు మీద కెమెరా ఉంది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. సామాను ఎక్కువ ఉంది, నేను బియ్యం బస్తాలు, దుప్పట్లు వేసుకుని ముందు దిగుతాను, మీరంతా వేరే ఉంటున్న మీ పెద్దబ్బాయి కారులో రెండు ట్రిప్పులుగా రండి అన్నాను. బాబా ఒప్పుకున్నాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు. ఈ బండిలోనే కాళ్లు చాపుకోవచ్చని ఎక్కి కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టి కిందికి లాగాను బావా. డెబ్భై ఏళ్ల మనిషిని. "రోజూ నీకింత కాఫీ పోసినదాన్ని లాగేస్తావా!" అని ఏడ్చింది. బాబా నా మీద చెయ్యెత్తాడు. నేను స్టార్టు చేసి వెళ్లిపోయాను.

నా మాట మీద కొన్న బండి, దించితే నేనే దించాలనుకున్నాను. మెల్లగా దిగితే దిగొచ్చనే ఆశ కూడా ఉంది. మూడో సొరంగం దాటాక ఇంజను ఒక్కసారి కేక పెట్టింది, తర్వాత బండిని ఎవరూ పట్టుకుని లేరు. పెడలు నువ్వు రాసినట్టే నేలదాకా పోయింది. చేతి బ్రేకు లాగితే వాసన వచ్చింది గానీ ఆగలేదు. ఎడమవైపు లోయ, కుడివైపు కొండ. రోడ్డు మీద రొట్టె తింటున్న కోతులు చెదిరిపోయాయి. కొండకేసి తిప్పాను.

కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

వెనక సీట్లోకి కొండరాయి చొచ్చుకొచ్చిందట. ముసలమ్మ కాళ్లు చాపుకుని కూర్చునే చోటికి. ఆమె నిన్న వచ్చింది. నా తల మీద చెయ్యి పెట్టి, "బర్కర్, నన్నెందుకు దించావు? నీకు ముందే తెలుసా?" అంది. పక్కనే పోలీసు ఉన్నాడు. అతను అప్పటి నుంచి అదే అడుగుతున్నాడు. తెలిసే నడిపావా అని. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. కేసు తేలేదాకా ఊరికి పోనివ్వరు.

నీ మీద కోపం లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. లేని పాదంలో దురద పుడుతోంది, పుట్టినప్పుడల్లా నిన్ను తిడుతున్నాను. నువ్వు వచ్చి చెప్పమని నేను అడగను. కానీ ఉమ ఫోను చేసింది. బ్రేకులు పోయాయని చెప్పాను. ఏడ్చి ఏడ్చి, "మా అన్న గా దేశంలనే ఉండంగ నాకేం రంది? అన్ని ఆయినే జూసుకుంటడు" అంది. ఆమెకు మాత్రం నువ్వే చెప్పాలి.

ప్రభాకర్


హుఫూఫ్,
3 ఫిబ్రవరి 2025.

ప్రభాకర్‌కు,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోలేకపోయాను. తబ్రేజ్‌కు ఇచ్చి చదవమన్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత నా వంక చూడలేదు.

అతని ఫోనుతోనే ఉమకు చేశాను. నేను చెప్తుంటే అతను ఫోను పట్టుకున్నాడు. షాపు పేరు, అర్బాబు మాట, బోల్టు విప్పకుండానే అంకెలు వేయడం, ఉత్తరం చించేయడం, అన్నీ చెప్పాను. నోరు విప్పి ముందే ఫోను చేసి ఉంటే నీ కాలు నీకు ఉండేదని కూడా చెప్పాను. గదిలో మిగతా ఐదుగురూ విన్నారు. విననియ్ అనుకున్నాను.

ఉమ తిడుతుందనుకున్నాను. ఆమె మాటలు తబ్రేజ్ విని నాకు రాసి చూపాలి. ఏమంటోందని అడిగితే తల అడ్డంగా ఊపాడు. తర్వాత అట్టముక్క మీద ఆమె అన్న ఒకే వాక్యం రాసి నా ముందు పెట్టాడు. "అన్నా, గసుంటి బండ్లు ఇంకెన్ని ఉన్నయి?"

తెలిస్తే కదా చెప్పడానికి.

రేపు మహబూబ్ భాయి లారీలోనే అభా వస్తున్నాను. నీ దగ్గరికి ముందు రాను, పోలీసు దగ్గరికి పోతాను. ఉదయకిరణ్ సారును అక్కడికి రమ్మని కబురు పెట్టాను. ఇఖామా అర్బాబు దగ్గరే ఉంది. అది లేకుండా దారిలో పట్టుకుంటే అక్కడే చెప్తాను, ఎక్కడ చెప్పినా అదే మాట. నిన్న షాపులో నేనిక రాయనన్నాను. అర్బాబు కోప్పడలేదు. పెన్ను తీసుకుని షాపులో పనిచేసే కుమార్‌కు ఇచ్చాడు. సాయంత్రానికి మూడు బండ్లు హరాజుకు పోయాయి.

ఉమ అడిగిన దగ్గర్నుంచి రాస్తూ కూర్చున్నాను. ఒక తెల్ల వ్యాను, వెనక అద్దం పగిలింది. పిల్లల బడి బస్సు ఒకటి. ఖోబర్ నుంచి వచ్చిన ముసలాయన కారు, సీటు మీద ఉన్ని దుప్పటి. ఇట్లా పదకొండు గుర్తొచ్చాయి, కాగితం వెంట తెస్తున్నాను. నేను రాసినవి మూడొందలకు తక్కువుండవు. మిగతావి గుర్తు లేవు. అవన్నీ ఇప్పుడు ఎక్కడో రోడ్ల మీదే తిరుగుతున్నాయి.

మొండయ్య